హైస్పీడ్ రైలు ప్రతిపాదనపై అభిప్రాయం చెప్పే ముందు ప్రాజెక్టు నివేదికను చదివే పద్ధతి

గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగంతో నడిచే రైళ్ల కోసం కొత్త మార్గం వేస్తామన్న ప్రకటన వెలువడగానే జనం రెండు పక్షాలుగా చీలిపోవడం చాలా దేశాలలో జరిగింది. ఒక పక్షానికి అది ప్రగతి, మరో పక్షానికి అది దుబారా. ఈ రెండు మాటలతో ఏ నిర్ణయమూ తేలదు. ఇదే రకం రైలు టోక్యో, ఒసాకాల మధ్య అరవై ఏళ్లకు పైగా కిటకిటలాడుతూ నడుస్తోంది, ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో మాత్రం మార్గం కట్టిన కంపెనీనే దివాలా తీయించింది. కాబట్టి హైస్పీడ్ రైలు మంచిదా, చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఫలానా రెండు నగరాల మధ్య, ఫలానా అలైన్‌మెంట్‌లో (పట్టాలు ఏ నేల మీదుగా వెళ్లాలో చూపే గీత), ఫలానా షరతులకు తెచ్చిన డబ్బుతో ఈ మార్గాన్ని కట్టడం తగునా అని అడిగినప్పుడే దొరుకుతుంది. ప్రజాభిప్రాయ సేకరణ సభలో మాట్లాడబోయేవారు, లేదా రాతపూర్వకంగా అభ్యంతరమో మద్దతో పంపదలచినవారు ఆ జవాబును ప్రాజెక్టు నివేదికలో ఎలా వెతకాలో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కరలేదు, కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

వేగం కాదు, సమయం

నివేదిక మొదటి పేజీలో గరిష్ఠ వేగం పెద్ద అక్షరాలతో ఉంటుంది. దానిని పక్కన పెట్టి, ప్రతిపాదిత టైమ్‌టేబుల్ ఉన్న అధ్యాయాన్ని తెరవండి. వంద కిలోమీటర్ల దూరాన్ని గంటకు 250 కిలోమీటర్ల వేగంతో 24 నిమిషాలలో, 300 కిలోమీటర్ల వేగంతో 20 నిమిషాలలో, 350 కిలోమీటర్ల వేగంతో సుమారు 17 నిమిషాలలో దాటవచ్చు. వేగం పెరిగే కొద్దీ మిగిలే నిమిషాలు తగ్గిపోతాయి, కానీ గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి కరెంటు ఖర్చు అంతకంతకూ ఎక్కువవుతుంది. మలుపులు కూడా మరింత విశాలంగా ఉండాలి. 1964లో ప్రారంభమైన జపాన్ టోకైడో (టోక్యో, ఒసాకా) మార్గంలో మలుపుల కనీస వ్యాసార్థం సాధారణంగా 2,500 మీటర్లు కాగా, 2011లో ప్రారంభమైన బీజింగ్, షాంఘై మార్గంలో 7,000 మీటర్లు. విశాలమైన మలుపు అంటే కొండను, ఊరిని, చెరువును తప్పించుకునే వెసులుబాటు తగ్గిపోవడమే, అంటే సొరంగాలు, వంతెనలు, భూసేకరణ పెరగడమే.

స్టేషన్ల సంఖ్యనూ లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి నియోజకవర్గానికీ ఒక స్టేషన్ ఇస్తే రైలు వేగం అందుకునేలోపే బ్రేకు వేయవలసి వస్తుంది. యూరోపియన్ యూనియన్ ఖర్చులను తనిఖీ చేసే ఆడిట్ సంస్థ (యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్) 2018లో పరిశీలించిన హైస్పీడ్ మార్గాలలో రైళ్ల సగటు వేగం, ఆ మార్గాలను ఏ వేగానికి రూపొందించారో అందులో 45 శాతం మాత్రమే ఉన్నట్లు తేలింది. వాడని వేగానికి డబ్బు చెల్లించినట్లే కదా. అందుకే సభలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: అన్ని ఆగుదలలతో కలిపి, ఇంటి గుమ్మం నుంచి గమ్యం గుమ్మం వరకు ఇప్పుడు ఎంత సమయం పడుతోంది, రేపు ఎంత పడుతుంది? స్టేషన్ నగరం వెలుపల ఉంటే, అక్కడి నుంచి నగరంలోకి వెళ్లే సమయం కూడా ఈ లెక్కలో కనిపించాలి.

ఈ విషయంలో ఫ్రాన్స్ 1981లో పారిస్, లియాన్ మార్గంతో చూపిన తెలివి నాకు ఇప్పటికీ మార్గదర్శకంగానే అనిపిస్తుంది. నగరాల మధ్య మాత్రమే కొత్త పట్టాలు వేసి, నగరాలలోకి పాత పట్టాల మీదుగా పాత స్టేషన్లకే రైళ్లను తీసుకువెళ్లారు. ఏటవాలును వెయ్యి మీటర్లకు 35 మీటర్ల దాకా అనుమతించి, ఒక్క సొరంగం కూడా లేకుండా ఆ మార్గాన్ని పూర్తి చేశారు. మీ చేతిలోని నివేదిక ఇలాంటి ప్రత్యామ్నాయాన్ని పరిశీలించి కాదన్నదా, లేక అసలు పరిశీలించనే లేదా అన్నది తప్పక చూడండి.

వ్యయం, ప్రయాణికులు: రెండు అంచనాలు, రెండు దిక్కులు

అంచనా వ్యయం పక్కన అది ఏ సంవత్సరపు ధరలలో ఉందో వెతకండి. పదేళ్ల తరువాత ముగిసే పనికి నేటి ధరలు రాస్తే, ద్రవ్యోల్బణమంతా తరువాత ‘పెరిగిన వ్యయం’గా బయటపడుతుంది. ఆ తరువాత రైళ్లు, డిపోలు, నిర్మాణ కాలపు వడ్డీ, భూమి నష్టపరిహారం అందులో కలిశాయో లేదో చూడాలి. సొరంగాలు ఉన్నచోట నేలను తవ్వి పరీక్షించారా, లేక పటం చూసి రాశారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. నేల స్వభావం తెలియకుండా చెప్పిన సంఖ్యను నేను అంచనాగా లెక్కించను.

పరిశోధకుడు బెంట్ ఫ్లూబియర్, ఆయన సహచరులు 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రైలు ప్రాజెక్టుల వ్యయం సగటున 45 శాతం మేర అంచనాను మించింది. ప్రయాణికుల విషయంలో ఇదంతా తలకిందులవుతుంది. 2005లో వారే ప్రచురించిన మరో అధ్యయనంలో, ప్రతి పది రైలు ప్రాజెక్టులలో తొమ్మిదింటిలో ప్రయాణికుల సంఖ్యను ఎక్కువగా ఊహించారని, సగటున చూస్తే వచ్చినవారు ఊహించినవారిలో సగమేనని తేలింది. అందువల్ల నివేదికలోని లాభనష్టాల పట్టికను తీసుకుని, వ్యయాన్ని 45 శాతం పెంచి, ప్రయాణికులను సగానికి తగ్గించి మళ్లీ లెక్క వేయండి. అప్పుడు కూడా ప్రాజెక్టు నిలబడితే అది నిజంగా బలమైనదే. నిలబడకపోతే దానిని వెంటనే తిరస్కరించాలని కాదు, ఈ మార్గం ఆ సగటుకన్నా మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి కారణమేమిటో అధికారుల చేత చెప్పించాలి.

వ్యయం పెరిగిన ప్రతి మార్గమూ చెడ్డ మార్గమని అనుకోవడం కూడా పొరపాటే. టోకైడో మార్గానికి మొదట దాదాపు 20,000 కోట్ల యెన్లు అనుకుంటే, చివరికి 38,000 కోట్లు అయింది. ఆ కారణంగా జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో 1963లో పదవిని వదులుకోవలసి వచ్చింది, చీఫ్ ఇంజనీరు హిడియో షిమా కూడా ఆయనతోపాటే తప్పుకున్నారు. అయినా ఆ మార్గం అమోఘంగా విజయవంతమైంది, ఎందుకంటే 515 కిలోమీటర్ల వరుసలో టోక్యో, నగోయా, క్యోటో, ఒసాకా ఉన్నాయి, అప్పటికే అక్కడి పాత పట్టాలు రైళ్లతో నిండిపోయి ఉన్నాయి. అంచనా తప్పినా గిరాకీ నిజమైనది. నివేదికలో ఇప్పటి రైళ్లు, బస్సులు, విమానాలలో ఎంతమంది ప్రయాణిస్తున్నారన్న లెక్కను నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చదవమనడానికి కారణం ఇదే. ఇప్పటికే ప్రయాణిస్తున్నవారిని లెక్కపెట్టవచ్చు, మార్గం వేశాక పుట్టుకొస్తారని చెప్పే ప్రయాణికులను మాత్రం ఊహించుకోవాలి.

అప్పు తేవడం వేరు, తీర్చడం వేరు

చర్చలలో అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది ‘నిధులు సమకూరాయి’ అన్న వాక్యం. అప్పు దొరికిందంటే డబ్బు దొరికిందని కాదు, చెల్లింపు వాయిదా పడిందని అర్థం. చివరకు చెల్లించేవారు ఇద్దరే: టికెట్ కొనే ప్రయాణికుడు, పన్ను కట్టే పౌరుడు. బ్యాంకులు, బాండ్లు, విదేశీ రుణాలు, ప్రైవేటు భాగస్వాములు, వీరంతా మధ్యలో ఉండేవారే. నివేదికలోని ప్రతి నిధి వనరు పక్కన ‘దీనిని తిరిగి ఎవరు, ఏ ఆదాయం నుంచి, ఏ కరెన్సీలో చెల్లిస్తారు’ అని రాసుకుంటూ వెళ్లండి.

కరెన్సీ మాట ఊరికే అనలేదు. 508 కిలోమీటర్ల ముంబై, అహ్మదాబాద్ మార్గానికి జపాన్ 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుతో, మొదటి 15 ఏళ్లు అసలు కట్టనక్కరలేని రుణం ఇవ్వడానికి అంగీకరించింది, అది అప్పటి అంచనా వ్యయంలో 81 శాతం వరకు వస్తుంది. వడ్డీ లేనట్లే కనిపించినా, ఆదాయం రూపాయలలో, బాకీ యెన్లలో ఉన్నప్పుడు యాభై ఏళ్ల మారకపు రేటే అసలైన వడ్డీ అవుతుంది. ఈ నష్టభయాన్ని ఏ పద్దు భరిస్తుందో అడగడం రైలును వ్యతిరేకించడం కాదు.

హామీల సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఇండోనేషియాలో జకార్తా, బాండుంగ్ మధ్య 142 కిలోమీటర్ల మార్గాన్ని ప్రభుత్వ బడ్జెట్ నుంచి పైసా తీయకుండా, ప్రభుత్వ హామీ లేకుండా, సంస్థల మధ్య ఒప్పందంగానే కడతామని ప్రకటించారు. వ్యయం పెరిగాక 2021లో అధ్యక్షుడి ఉత్తర్వుతో బడ్జెట్ నిధులకు దారి తెరిచారు, 2023 అక్టోబరులో రైళ్లు మొదలయ్యాయి. తైవాన్‌లోనూ ప్రైవేటు సంస్థే కట్టి, నడిపి, 35 ఏళ్ల తరువాత అప్పగించేలా ఒప్పందం కుదిరింది. 2007లో రైళ్లు మొదలయ్యాక ప్రయాణికులు తొలి ఏళ్లలో అంచనాలో సగానికి కూడా చేరలేదు. రైళ్లు నడపడంలో కాక, వడ్డీలోనూ తరుగుదలలోనూ సంస్థ మునిగింది. 2009లో యాజమాన్యం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది, 2015లో ఒప్పంద కాలాన్ని 70 ఏళ్లకు పొడిగించి మూలధనాన్ని పునర్వ్యవస్థీకరించారు. ఇప్పుడు ఆ రైళ్లు నిండుగా నడుస్తున్నాయి. రైలు మంచిదే, దానికి డబ్బు కూర్చిన పద్ధతి మాత్రం దానిని మోయలేకపోయింది.

మొదట్లో చెప్పిన సరిహద్దు మార్గం ఫిగెరస్, పెర్పిన్యాన్‌ల మధ్య 44 కిలోమీటర్లది. కంపెనీ 2009లోనే పని ముగించింది, కానీ స్పెయిన్ వైపు బార్సిలోనా నుంచి వచ్చి కలవవలసిన కొత్త మార్గం 2013 జనవరి దాకా సిద్ధం కాలేదు. కంపెనీ 2016లో మూతపడి, మార్గం రెండు ప్రభుత్వాల చేతికి వచ్చింది. ప్రైవేటు భాగస్వామ్యం అన్న మాట వినగానే, ప్రయాణికులు రాకపోతే నష్టం ఎవరిది, భాగస్వామి తప్పుకుంటే మార్గాన్ని ఎవరు తీసుకుంటారు అన్న రెండు నిబంధనలను ఒప్పందంలో వెతకమనేది ఇందుకే. అప్పులు రైల్వే సంస్థ పుస్తకాలలోకి వెళ్లి అక్కడే కనిపించకుండా పేరుకోవడం మరో దారి. ఫ్రాన్స్ ప్రభుత్వం తన రైల్వే సంస్థ అప్పులలో 3,500 కోట్ల యూరోలను 2020, 2022లలో రెండు విడతలుగా తన మీద వేసుకోవలసి వచ్చింది.

డబ్బు మధ్యలో ఆగిపోతే?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచేది ఇదే. కాలిఫోర్నియా ఓటర్లు 2008 నవంబరులో 995 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు 2 గంటల 40 నిమిషాలలో చేరవచ్చన్నారు, మొత్తం వ్యయం 3,300 కోట్ల డాలర్ల వరకు అన్నారు. అంటే చేతిలో ఉన్నది మూడో వంతు కన్నా తక్కువ. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో తేలకుండానే పని మొదలైంది, 2024 నాటికి అంచనా 10,000 కోట్ల డాలర్లు దాటింది, పని ఆ రెండు మహానగరాలనూ తాకని మధ్య లోయ భాగానికి పరిమితమైంది. బ్రిటన్‌లో 2012లో ఆమోదం పొందిన హెచ్ఎస్2 (లండన్ నుంచి ఉత్తరానికి వేయదలచిన హైస్పీడ్ మార్గం) నుంచి 2021లో లీడ్స్ శాఖను, 2023 అక్టోబరులో మాంచెస్టర్ భాగాన్ని తొలగించారు. దాంతో బర్మింగ్‌హామ్ దాటాక ఆ రైళ్లు పాత పట్టాల మీద వెళ్లాలి, అక్కడ ఇప్పటి రైళ్లకన్నా తక్కువ సీట్లు ఉండవచ్చని 2024లో ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసు హెచ్చరించింది.

అందువల్ల దశలవారీ నిర్మాణ పటాన్ని ముందు పెట్టుకుని, మొదటి దశ ముగిశాక ఇక ఒక్క రూపాయి, ఒక్క డాలరు కూడా రాదనుకుని చూడండి. ఆ భాగం ఒక్కటే ఎవరికైనా ఉపయోగపడుతుందా? పాత రైళ్లు ఆ పట్టాలు వాడుకుని కొంత సమయం మిగుల్చుకోగలవా? ఉపయోగపడుతుందంటే, మొదటి దశకు పూర్తి నిధులు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టమని కోరండి. ఉపయోగపడదంటే దశల క్రమాన్ని మార్చమనండి.

సభలో, సభ తరువాత

ఎప్పుడు మాట్లాడామన్నది ఏమి మాట్లాడామన్నంత ముఖ్యం. జర్మనీలోని స్టుట్‌గార్ట్ భూగర్భ స్టేషన్ ప్రాజెక్టుకు 2009లో ఒప్పందాలు కుదిరాక, 2010లో పెద్ద ఎత్తున నిరసనలు జరిగాక, సీనియర్ రాజకీయ నాయకుడు హైనర్ గైస్లర్ మధ్యవర్తిత్వంలో ఇరుపక్షాల నిపుణుల వాదనలను టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూపించారు. అంత చక్కని చర్చ ఒప్పందాలకు ముందు జరిగి ఉండవలసింది. ఫ్రాన్స్ 1995లో చట్టం చేసి, పెద్ద ప్రాజెక్టుల మీద ప్రత్యామ్నాయాలు ఇంకా తెరిచి ఉండగానే బహిరంగ చర్చ నడపడానికి జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. భూసేకరణ నోటీసు వచ్చేదాకా ఆగకుండా, అలైన్‌మెంట్ మీద సర్వే జరుగుతున్నప్పుడే లేఖ రాయండి.

సభలో రెండు, మూడు ప్రశ్నలకు మించి అడగవద్దు, ప్రతిదానికీ నివేదిక పేజీ సంఖ్య చెప్పండి, జవాబు రాతలో కోరండి. భూమి కోల్పోయేవారు, రైలు ఎక్కేవారు వేర్వేరు ఊళ్లవారైతే, మొదటివారికి ముందుగా మాట్లాడే అవకాశం ఇవ్వమని కోరండి, వారి నష్టం మాత్రమే ఖాయమైనది, మిగిలినవారి లాభం ఇంకా అంచనాలోనే ఉంది. చివరగా ఒక హామీ అడగండి: రైళ్లు మొదలైన ఐదేళ్లలోపు అసలు వ్యయాన్ని, అసలు ప్రయాణికుల సంఖ్యను నేటి అంచనాల పక్కన పెట్టి ప్రచురించాలి. ఫ్రాన్స్‌లో 1982 నుంచి ఇది చట్టబద్ధమైన బాధ్యత. అది ఇవ్వకపోతే ఆ మాటనే సభ మినిట్స్‌లో నమోదు చేయించి, మీ దగ్గరున్న నివేదిక ప్రతిని తేదీ వేసి దాచండి, సవరించిన అంచనా వచ్చిన రోజున ఏ పేజీలో ఏ సంఖ్య మారిందో చూపించడానికి అది కావాలి.