ఒకే బాణీ, వేరువేరు పాటలు (పాఠం 5)

పోయిన పాఠంలో కీబోర్డు మీద శంకరాభరణం స్వరాలు వాయించాం. ఈసారి వాటితోనే ఓ పాత చర్చి బాణీ నేర్చుకుందాం. పేరు ఓల్డ్ హండ్రెడ్త్.

స స ని ద ప స రి గ
గ గ గ రి స మ గ రి
స రి గ రి స ద ని స
ప గ స రి మ గ రి స

ని, ద ఎక్కడొచ్చినా మంద్రస్థాయే. మొదటి పాదంలో ప కూడా అంతే. నాలుగో పాదం ఎత్తుకునే ప మాత్రం మధ్యస్థాయిది. బాణీ మొత్తంలో అదే అన్నిటికన్నా పై స్వరం. దానితో పనుంది, గుర్తుంచుకోండి. స్వరాలన్నీ సమానంగా వాయించి, పాదం చివర కాస్త ఆగండి.

1551లో జెనీవాలో అచ్చయిన ఫ్రెంచి బైబిలు కీర్తనల పుస్తకంలో ఇది 134వ కీర్తన బాణీ. 1561లో విలియం కెత్ ఇంగ్లీషులోకి తెచ్చిన 100వ కీర్తనని దీనిమీద పాడారు. హండ్రెడ్త్ అలా వచ్చింది. 1696లో కొత్త అనువాదం వచ్చాక పాత పుస్తకంలోది కాబట్టి ఓల్డ్ అయింది. థామస్ కెన్ రాసిన ‘ప్రెయిజ్ గాడ్ ఫ్రమ్ హూమ్ ఆల్ బ్లెస్సింగ్స్ ఫ్లో’ని కూడా దీనిమీదే పాడతారు.

వేమన ఆటవెలదిని పాడే వరసలో ఇంకెవరి ఆటవెలదినైనా పాడొచ్చు కదా, ఇదీ అలాంటిదే. మనకి గణాలు, వాళ్ళకి సిలబుల్స్. ఇక్కడ పాదానికి ఎనిమిది: ప్రెయిజ్, గాడ్, ఫ్రమ్, హూమ్, ఆల్, బ్లెస్, సింగ్స్, ఫ్లో. స్వరానికొకటి పెట్టి పాడండి. ‘అమేజింగ్ గ్రేస్’ పెట్టి చూడండి, మొదటి పాదం సరిపోతుంది. రెండోదానికి ఆరే ఉన్నాయి, చివరి గ రి ఖాళీగా మిగిలిపోతాయి.

లెక్క కుదిరితే చాలా? ఐజాక్ వాట్స్ 1707లో అచ్చువేసిన ‘వెన్ ఐ సర్వే ది వండ్రస్ క్రాస్’కీ పాదానికి ఎనిమిదే. పాడితే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. ఇప్పుడు ఆ పై ప సంగతి చూడండి. కెత్ పాటలో దానిమీద ‘కమ్’ పడుతుంది, కెన్ పాటలో ‘ప్రెయిజ్’. రెండూ గొంతెత్తి పిలిచే మాటలే. వాట్స్ మొదటి చరణంలో అక్కడ పడేది ‘అండ్’! అంత ఎత్తుకెక్కి ‘మరియు’ అని అరిచినట్టుంటుంది. నాకైతే నవ్వొస్తుంది.

వచ్చే పాఠంలోగా మీకు తెలిసిన మూడు ఇంగ్లీషు కీర్తనలకి సిలబుల్స్ లెక్కపెట్టండి. నాలుగు పాదాలకీ ఎనిమిదేసి వచ్చినదాన్ని ఈ బాణీలో పాడి, పై ప మీద ఏ మాట పడిందో రాసుకోండి.