పాత జాజ్ రికార్డు గరగరమంటోందా? ముందు సూదిని అనుమానించండి

జాజ్ పేరుతో మొదటి రికార్డు అమెరికాలో 1917లో వచ్చింది. ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ వాయించింది, విక్టర్ కంపెనీ అమ్మింది. ఆ కాలపు 78 రికార్డును (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఎంతో ముచ్చటపడి కొనుక్కుని, ఒక్కసారి వేసి విని, పాడైపోయిందని బీరువాలో పెట్టేసినవాళ్లను చూశాను. బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు మనం వాయించే తీరులోనే ఉంటుంది. అందుకే నా వరస ఎప్పుడూ ఇదే: ముందు సూది, తర్వాత ప్లేయర్, చివరికే రికార్డు.

సమస్య: గరగర ఎక్కువ, సంగీతం ఎక్కడో దూరంగా

ఎల్‌పీ, అంటే తర్వాత వచ్చిన సన్న గాడుల రికార్డు, దాని సూదితో వేస్తున్నారన్నమాట. 78 గాడి ఎల్‌పీ గాడి కంటే బాగా వెడల్పు. సన్న సూది గోడల్ని ఆనుకోకుండా అడుక్కి దిగిపోతుంది. సంగీతం ఉండేది గోడల మీద, అడుగున ఉండేది దుమ్ము.

3 మిల్ కొన ఉన్న 78 సూది తెప్పించండి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సూది రికార్డు మీద మోపే బరువు సాధారణంగా 3 నుంచి 5 గ్రాములు పెట్టాలి. రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పంపే మోనో స్విచ్ ఉంటే నొక్కండి, సగం చిటపటలు అక్కడే పోతాయి.

ఇంకా తగ్గకపోతే రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. నల్లగా నిగనిగలాడితే ఫర్వాలేదు. గాడులు బూడిదరంగుకి తిరిగాయంటే ఉక్కు సూదులు అరగదీశాయని అర్థం. ఉక్కు సూదిని ఒక పక్క వాయించగానే మార్చాలి, ఇళ్లలో అరిగేదాకా వాడేసేవాళ్లు. అలాంటప్పుడు కొంచెం లావుదో సన్నదో, 3.5 లేదా 2.5 మిల్ సూది ప్రయత్నించండి. గోడలో అరగని చోటు తగలొచ్చు. పారామౌంట్ లేబుల్‌దైతే మాత్రం సరుకే నాసిరకం, కొత్తదైనా హోరుమంటుంది. దానికి మందు లేదు.

సమస్య: డ్రమ్ములు, బేస్ వినపడవు

ఇది లోపం కాదు, అప్పటి పద్ధతి. 1925లో మైకుతో రికార్డింగ్ మొదలయ్యేదాకా అంతా శబ్దాన్ని పోగుచేసి సూదికి అందించే కొమ్ముబూర ముందే. 1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ ఊళ్లో, జెనెట్ స్టూడియోలో కింగ్ ఆలివర్ బ్యాండ్ అలాగే వాయించింది. ఆ శబ్దపు ఊపే మైనం మీద గాడి కోసింది. పెద్ద డ్రమ్ము దెబ్బకి సూది ఎగిరిపోతుందని డ్రమ్మర్ బేబీ డాడ్స్ చెక్కదిమ్మెలు వాయించాడు. ఇరవై ఒక్కేళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) అందర్నీ మింగేస్తోందని అతన్ని దూరంగా నిలబెట్టారు. ఇది తెలిసి వింటే ఆ చెక్కదిమ్మెల టకటకే ఎంత బావుంటుందో! బేస్ పెంచకండి, మోటారు గుర్రు తప్ప ఇంకేమీ పెరగదు.

కార్నెట్లే మూసుకుపోయినట్టు వినిపిస్తే కారణం వేరు. సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే మన ఫోనో ప్రీయాంప్ 1950ల తర్వాతి ఎల్‌పీల లెక్కతో బేస్ పెంచి, పైస్వరాలు తగ్గిస్తుంది. కొమ్ముబూర రికార్డులకు ఆ లెక్క వర్తించదు. ఆ సర్దుబాటు లేని ప్రీయాంప్ వాడండి, లేదా కంప్యూటర్‌లోకి ఎక్కించి సాఫ్ట్‌వేర్‌తో తీసేయండి.

సమస్య: శ్రుతి కిందికో పైకో ఉంది

వేగం చూసే గీతల చక్రం అమెరికాది కొన్నారేమో చూడండి. ప్లేటు మీద పెట్టి తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు కరెంటు దీపం వెలుగులో దాని గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, దానికి 92 గీతలు. మన 50 హెర్ట్జ్‌కి 77 గీతలుండాలి. నేను 92 గీతల చక్రం పెట్టుకుని, గీతలు నిలబడేలా సరిచేసి, పాట ఈడుస్తోందని బెల్టు కూడా మార్చాను. లెక్కేస్తే ప్లేటు నిమిషానికి 65 చుట్లే తిరుగుతోంది. చూసేటప్పుడు పాతరకం ట్యూబ్‌లైట్ వెలుగు ఉండాలి, చాలా ఎల్‌ఈడీల కింద గీతలు నిలవవు.

చక్రం సరైనదే అయినా, ఆ రోజుల్లో అన్నీ కచ్చితంగా 78 దగ్గరే రికార్డు చేయలేదు. సంగీతం వాయించే కీబోర్డు దగ్గర పెట్టుకుని పోల్చండి. ఈ బ్యాండ్లకు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ శ్రుతులు బాగా అలవాటు. నిమిషానికి నాలుగైదు చుట్ల తేడా వస్తే శ్రుతి అరమెట్టు మారిపోతుంది.

సమస్య: తుడిచాక మసకబారింది

స్పిరిట్‌తో తుడిచారు. ఈ రికార్డుల్లో జిగురు లక్క, మన ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్కే. ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి పాలిష్ పెట్టడం చూసే ఉంటారు, రికార్డు మీదా అదే జరుగుతుంది. కరిగిన గాడి తిరిగి రాదు. ఇకముందు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, లేబుల్ తడవకుండా. మందపాటి ఎడిసన్ డైమండ్ డిస్కులకు మాత్రం నీళ్లు కూడా పనికిరావు, లోపలి పొర ఉబ్బుతుంది.

సమస్య: చుట్టుకొకసారి టక్‌మంటుంది

సన్న పగులు. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. దాన్ని కడగొద్దు. సూది ఎగురుతుంటే 45 వేగంలో కంప్యూటర్‌లోకి ఎక్కించి, తర్వాత వేగం పెంచుకోండి. నా దగ్గరున్న పగిలిన హాట్ ఫైవ్ (ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత బ్యాండ్) రికార్డును అలాగే కాపాడుకున్నాను, ఒక్క స్వరం పోలేదు. తీసేటప్పుడు రెండు చేతులతో, పరుపు మీదుగా తీయండి.