పార్సిల్ దొంగ ముఖం కెమెరాకు చిక్కాలంటే

కడపలో మా వీధిలోని చాలా ఇళ్లకు గుమ్మం ముందు నాపరాతి అరుగు ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే డెలివరీ బాయ్ పార్సిల్‌ను దాని మీదే పెట్టి వెళ్తాడు. కిందటి వేసవిలో మా పార్సిల్ అక్కడి నుంచే పోయింది. కెమెరాను మేడ స్లాబు అంచుకు బిగించి ఉండడంతో, రికార్డింగులో దొంగ టోపీ తప్ప ముఖం కనబడలేదు.

అందుచేత ఒక కెమెరానైనా గేటు పక్కన, మనిషి తల కన్నా కాస్త పైన, వచ్చేవారికి ఎదురుగా అమర్చండి. తూర్పు వాకిలి అయితే ఉదయపు ఎండ నేరుగా లెన్స్‌లో పడి ముఖం నల్లగా వస్తుంది కనుక, కెమెరాను కొంచెం పక్కకు తిప్పి, డబ్ల్యూడీఆర్ (వెనుక వెలుతురు ఎక్కువగా ఉన్నా ముఖం స్పష్టంగా కనబడేలా చేసే) సదుపాయం ఉంటే ఆన్ చేయండి. రాత్రి అరుగు మీద చిన్న దీపం వెలగనివ్వండి. కెమెరా రికార్డింగులో చూపే తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

దొంగతనం జరిగితే, పాత రికార్డింగు మీద కొత్తది పడకముందే, వీడియోను కత్తిరించకుండా పూర్తిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, డెలివరీ మెసేజ్‌తో పాటు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం (కోర్టు సాక్ష్యాలకు సంబంధించిన చట్టం) 63వ సెక్షన్ ప్రకారం, ఆ కాపీ కోర్టులో చెల్లాలంటే, అది ఏ రికార్డింగుదో, ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి. రికార్డరులోని అసలు వీడియోను చెరపకండి. అనుమానితుడి ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టవద్దు, పోలికను బట్టి నిరపరాధి నింద మోయవలసి రావచ్చు.