కొత్త కథా రచయితకు ఉత్తరం రాయడం ఎలా?

"కథ చాలా బాగుంది, అభినందనలు" అన్న మాట ఏ కథకైనా సరిపోతుంది. అందుకే అది ఏ రచయితకూ పనికిరాదు. ఆదివారం అనుబంధంలో తొలి కథ అచ్చయినవాళ్లకు కావలసింది పొగడ్త కాదు. తన కథను ఎవరో ఒకరు నిజంగా చదివారన్న నమ్మకం. ఆ నమ్మకం కలిగేలా రాయడం ఎవరికైనా వస్తుంది.

కథ, పెన్సిలు, ఒక ఇన్‌లాండ్ లెటరు ఉంటే చాలు. కార్డు వద్దు, చోటు చాలదు. కథ కింద చిరునామా లేకపోతే రచయిత పేరు రాసి, కేరాఫ్ సంపాదకులు అని పత్రిక ఆఫీసుకు పంపండి. ఈమెయిల్ ఇచ్చి ఉంటే అదీ సరే.

ఫోన్ మాత్రం చేయకండి. కథ చివర సెల్ నంబరు వేయడం మన పత్రికల్లో మామూలే, కానీ పొద్దున్నే ఫోన్ చేసి పొగిడితే అవతలివాళ్లు మొహమాటంతో "థాంక్సండీ" అనడంలోనే ఉండిపోతారు. మీరేమన్నారో ఒక్క ముక్కా గుర్తుండదు. ఉత్తరమైతే దాచుకుని, రాయబుద్ధి కానప్పుడు తీసి చదువుకుంటారు. ఇక రాసినది స్త్రీ అయితే, కథ గురించి రెండు మాటలని వెంటనే "ఇది మీ సొంత కథేనా? మీవారేం చేస్తారు?" అని మొదలుపెట్టే మహానుభావులున్నారు. వాళ్ల బాధ పడలేక నంబరు ఇవ్వడమే మానేసిన రచయిత్రులున్నారు.

కథ రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఊరికే. మర్నాడు పెన్సిలు పట్టుకుని, మీరు ఆగిన ప్రతిచోటా గీత పెడుతూ.

ఇప్పుడు అసలు పని. ఆ గీతల్లోంచి ఒక్కటి ఎంచుకోండి. ఉత్తరమంతా ఆ ఒక్క చోటు గురించే రాయండి. పదిమందిలో తొమ్మిదిమంది ఉత్తరం చెడగొట్టేది ఇక్కడే.

పలాస జీడి కార్ఖానాలో పనిచేసే తల్లి మీద కథ అనుకుందాం. "శ్రామిక స్త్రీ వేదనను హృద్యంగా చిత్రించారు" అని కథ చదవకుండానే రాసేయొచ్చు. అలా కాక, "పెళ్లిచూపులనాడు ఆవిడ జీడి మరకల చేతులు కొంగు కింద దాచుకుని, మంచినీళ్లు కూతురిచేత ఇప్పించింది కదా, అక్కడ కాసేపు చదవలేకపోయాను. మా పెద్దమ్మ ఫొటో తీయించుకునేటప్పుడు చేతులు అలాగే దాచుకునేది" అని రాయండి. రచయిత ఆ వాక్యం దగ్గర ఎంత సేపు కూర్చున్నారో మీకు తెలియదు. అది ఊరికే పోలేదని ఇప్పుడు వాళ్లకు తెలుస్తుంది.

మాండలికం గురించి రాసేటప్పుడూ ఇదే పద్ధతి. "మీ యాస బాగుంది" అంటే పరాయివాణ్ని చూసి మెచ్చుకున్నట్టుంటుంది. ఏ మాట మీ చెవిలో నిలిచిందో ఆ మాట రాయండి.

పెద్ద రచయితల పేర్లు తేకండి. "అచ్చం ఫలానావారిలా రాశారు" అంటే ఆ మనిషి తర్వాతి కథ ఫలానావారిలా రాయడానికి కూర్చుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, "కానీ" రాయకండి. "అంతా బాగుంది కానీ ముగింపు తేలిపోయింది" అన్న ఉత్తరంలో రచయితకు మిగిలేది ముగింపు తేలిపోవడమే. లోపాలు చెప్పకపోతే ఎలా ఎదుగుతారని వాదించేవాళ్లున్నారు. లోపాలు చెప్పేవాళ్లకు మన దగ్గర ఏనాడూ కొరత లేదు, ఏ సభకు వెళ్లినా దొరుకుతారు. శ్రీకాకుళంలో కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయంలో పాత పత్రికలు తిరగేస్తే, ఒకటి రెండు కథలతో ఆగిపోయిన పేర్లు కనిపిస్తాయి. అందరూ ఉత్తరాలు రాకే మానేశారని అనను. కొందరైనా ఒక్క ఉత్తరం వస్తే ఇంకో కథ రాసేవారని గట్టిగా నమ్ముతాను. తొలి కథ రాసినవాళ్లకు రెండో కథ రాయాలనిపించాలి, విమర్శ ఆ తర్వాత. అదీ వాళ్లు అడిగితేనే.

అలాగని అబద్ధం రాయకండి. రెండుసార్లు చదివినా ఎక్కడా గీత పడలేదంటే ఉత్తరమే వద్దు. మరో కథ చూసుకోండి.

మిగతాదంతా తేలిక. పది పన్నెండు వాక్యాలు చాలు. చివర మీ పేరు, ఊరు. జవాబు రాయమని అడగొద్దు, మీ కథల పుస్తకం జతచేసి అభిప్రాయం కోరొద్దు. ఆ వారంలోనే పోస్టు చేయండి. పత్రిక ఆఫీసులో కొన్నాళ్లు ఉండి, అక్కడినుంచి రచయిత ఊరు చేరడానికి ఎలాగూ ఆలస్యమవుతుంది.