రేడియో కంట్రోల్ హెలికాప్టర్ రోటర్ హెడ్‌కు సమతూకం కుదర్చడం

రోటర్ వేగం అందుకుంటున్నప్పుడు స్కిడ్లు (నేలకు ఆనే కాళ్లు) నేలమీద దడదడలాడినా, టెయిల్ బూమ్ (తోక గొట్టం) వణికినా చాలామంది వెంటనే బ్లేడ్లకు టేపు చుట్టడం మొదలుపెడతారు. నిజానికి అది అన్నిటికంటే చివర చేయవలసిన పని. హెడ్ లోపల వంగిన స్పిండిల్‌ను (ఇరుసు కడ్డీని) అలాగే ఉంచి టేపుతో వణుకును అణచివేస్తే లోపం లోపలే మిగిలిపోయి, బేరింగులను అరగదీస్తూ ఉంటుంది.

కాబట్టి బ్యాటరీని, మోటారు వైర్లను విడదీసిన తరువాత బ్లేడ్లను తీసి పక్కన పెట్టి, ముందుగా హెడ్‌ను, అంటే బ్లేడ్లను షాఫ్ట్‌కు కలిపే మధ్యభాగాన్ని, విప్పి చూడాలి. బ్లేడు గ్రిప్పులు (బ్లేడ్లను పట్టి ఉంచే భాగాలు) రెండింటినీ కలిపే ఫెదరింగ్ స్పిండిల్‌ను శుభ్రమైన గాజు పలకమీద వేలితో మెల్లగా దొర్లించి, కన్నును పలక ఎత్తుకు తెచ్చి చూస్తే, వంపు ఉన్నచోట స్పిండిల్‌కు, గాజుకు మధ్య వెలుతురు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడుతుంది. అలా కనబడితే దాన్ని సరిచేయబోకుండా కొత్తది వేయడమే మంచిది. హెడ్‌ను తిప్పే నిలువు ఇరుసు అయిన మెయిన్ షాఫ్ట్‌నూ ఇలాగే పరీక్షించాలి. స్పిండిల్ అదురును పీల్చుకునే డాంపర్ రబ్బర్లు రెండువైపులా ఒకే గట్టిదనంతో ఉండాలి. రెండు గ్రిప్పుల బోల్టులు, వాషర్లు ఒకే రకానివై ఉండాలి. ఒక వైపు వాషర్ తక్కువైనా తూకం తప్పుతుంది.

తిరిగి బిగించిన హెడ్‌ను బ్లేడ్లు లేకుండానే బ్యాలెన్సర్‌మీద (ఏ వైపు బరువైతే ఆ వైపు ఒరిగేలా నిలిపే పరికరంమీద) పెట్టి, గ్రిప్పులు రెండూ నేలకు సమాంతరంగా ఉండేలా వదలాలి. ప్రతిసారీ ఒకే గ్రిప్పు కిందికి దిగుతుంటే అటువైపు బరువు ఎక్కువున్నట్టు. కారణం దొరికితే దాన్నే తొలగించాలి. దొరకకపోతే తేలికైన వైపు పలుచని వాషర్ చేర్చవచ్చు.

అసలు ఓపిక కావలసింది బ్లేడ్ల దగ్గర. రెండు బ్లేడ్ల బరువు సమానమైతే చాలనుకోవడం సరికాదు, ఎందుకంటే తిరిగే బ్లేడు హెడ్‌ను లాగే బలం దాని బరువుమీదనే కాక, గురుత్వ కేంద్రం షాఫ్ట్‌కు ఎంత దూరంలో ఉందన్నదానిమీద కూడా ఆధారపడుతుంది. చెరి 100 గ్రాముల బరువున్న రెండు బ్లేడ్ల గురుత్వ కేంద్రాల మధ్య కేవలం 3 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, నిమిషానికి 2000 చుట్ల వేగంలో దాదాపు 13 న్యూటన్ల బలం, అంటే సుమారు 1.3 కిలోల బరువు వేలాడినంత బలం, ప్రతి చుట్టులోనూ షాఫ్ట్‌ను పక్కకు లాగుతుంది.

అందుకే ముందు గురుత్వ కేంద్రం, తరువాత బరువు. బ్లేడును స్కేలు అంచులాంటి సన్నని అంచుమీద అడ్డంగా నిలిపి, ఏ పక్కకూ ఒరగని చోట గుర్తు పెట్టి, బోల్టు రంధ్రం నుంచి ఆ గుర్తుకు దూరం కొలవాలి. రెండో బ్లేడుకూ అలాగే కొలిచి, దూరం తక్కువగా ఉన్న బ్లేడు కొనకు టేపు చుట్టి రెండు దూరాలనూ సమానం చేయాలి. ఇప్పుడు రెండింటినీ 0.1 గ్రాము వరకు చూపే తక్కెడలో తూచి, తేలికైన బ్లేడుకు సరిగ్గా గురుత్వ కేంద్రం గుర్తుమీదనే మిగతా టేపు చుట్టాలి. అక్కడ చేర్చిన బరువు కేంద్రాన్ని జరపదు. స్పిరిట్‌తో తుడిచి ఆరిన తరువాతే టేపు అంటించాలి. మధ్యభాగం ముందు అంచును కప్పి, కొసలు వెనక్కి వచ్చేలా చుడితే గాలికి లేవదు.

బ్లేడ్లు బిగించేటప్పుడు బోల్టుల బిగువు రెండువైపులా ఒకటే ఉండాలి. మోడల్‌ను పక్కకు పడుకోబెట్టి పట్టుకుంటే బ్లేడ్లు తమ బరువుకు వాలిపోకూడదు, చిన్న కుదుపుకు మాత్రం కదలాలి.

ఇక మిగిలింది ట్రాకింగ్, అంటే రెండు బ్లేడ్ల కొనలూ ఒకే ఎత్తులో తిరిగేలా చూడడం. తూకం తప్పితే మోడల్ పక్కలకు ఊగుతుంది, ట్రాకింగ్ తప్పితే పైకీ కిందికీ అదురుతుంది. ఒక బ్లేడు కొనకు రంగు టేపు అంటించి (రెండోదానికి అంతే బరువున్న మరో రంగు టేపు), బహిరంగ స్థలంలో కనీసం పది మీటర్ల దూరంలో, తిరిగే తలానికి ఎదురుగా కాకుండా నిలబడి నడిపించి చూడాలి. ఎత్తుగా తిరిగే బ్లేడు లింకును (బ్లేడు కోణాన్ని మార్చే చిన్న కడ్డీని) అర చుట్టు తిప్పి, రెండు కొనలూ ఒకే గీతగా కనిపించేదాకా సరిచేయాలి. ఇన్ని చేసినా సన్నని, వేగవంతమైన అదురు మిగిలితే మెయిన్ రోటర్‌ను వదిలి టెయిల్ రోటర్‌ను విప్పి చూడండి. అది మెయిన్ రోటర్ కంటే కొన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని లోపం ఆ రూపంలోనే బయటపడుతుంది.