కొన్న కాంపొనెంట్లతో కష్టాలు: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

నెల్లూరు, ఒంగోలు వైపు ఇద్దరు ముగ్గురు కలిసి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్‌ల కోసం ఇది రాస్తున్నాను. మనకొచ్చే పని ఎక్కువగా రైస్ మిల్లు, రొయ్యల కొనుగోలు, గ్రానైట్ యార్డు లెక్కలే. గ్రిడ్డు (స్క్రీన్ మీద వరుసల పట్టిక), రిపోర్టు, పీడీఎఫ్, చార్టు అన్నీ సొంతంగా రాస్తూ కూర్చుంటే ఏడాది అక్కడే గడిచిపోతుంది కాబట్టి రెడీమేడ్ లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసి అమ్మే కాంపొనెంట్, కొంటాం, కొనడం మంచిదే. అయితే కొన్నాక బయటపడే సమస్యల్లో చాలావాటిని ట్రయల్ నెలలోనే పట్టుకోవచ్చు. మనం వాళ్ల డెమో చూసి కొంటాం, మన బిల్లు పెట్టి చూడం. తేడా అంతా అక్కడే వస్తుంది.

స్క్రీన్ మీద తెలుగు బాగుంది, పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయాయి

నాకు ఎక్కువ నష్టం చేసింది ఇదే. బుచ్చి వైపు ఒక మిల్లుకి ధాన్యం కొనుగోలు బిల్లు చేసి, మొదటి కాగితం ప్రింట్ తీసి ఇచ్చాను. మిల్లు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి "ఏంది అబ్బయ్యా, మా ఊరి పేరు ఇట్టా పడిందే" అన్నారు. బుచ్చిరెడ్డిపాళెం అని ఉండాల్సిన చోట బుచ్‌చిరెడ్‌డిపాళెం అని పడింది. ఫాంట్ లోపం అనుకుని గౌతమి పెట్టాను, నిర్మలా యూఐ పెట్టాను, రెండు రోజులు పోయాయి కానీ ఏ ఫాంట్‌తోనూ మారలేదు.

కారణం ఫాంట్ కాదు. యూనికోడ్‌లో "చ్చ" అనేది ఒక అక్షరంగా ఉండదు, చ, పొల్లు, చ అని మూడు కోడ్‌లుగా ఉంటుంది. వాటిని కలిపి కింద ఒత్తు పెట్టే పనిని షేపింగ్ అంటారు. స్క్రీన్ మీద ఆ పని విండోసో బ్రౌజరో చేసేస్తుంది కాబట్టి మనకు తెలియదు. పీడీఎఫ్ ఫైలులోకి మాత్రం కలిపేసిన ఆకారమే వెళ్లాలి, అంటే పీడీఎఫ్ రాసే లైబ్రరీయే షేపింగ్ చేయాలి. ఇంగ్లిష్‌కి ఒక కోడ్‌కి ఒక ఆకారం సరిపోతుంది కాబట్టి చాలా లైబ్రరీలు అక్కడితో ఆగిపోతాయి. "యూనికోడ్ సపోర్ట్ ఉంది" అని ప్రకటనలో రాసి ఉన్నా తెలుగు సరిగ్గా వస్తుందని దానర్థం కాదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో "టెక్స్ట్ షేపింగ్", "కాంప్లెక్స్ స్క్రిప్ట్", "హార్ఫ్‌బజ్" అనే మాటల కోసం వెతకండి. కొన్నింటిలో ఆ సెట్టింగ్ ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. ఐటెక్స్ట్ లాంటి పీడీఎఫ్ లైబ్రరీల్లో తెలుగు సరిగ్గా రావాలంటే పీడీఎఫ్‌కాలిగ్రాఫ్ అనే అదనపు మాడ్యూల్ కలపాలి, ధర అడిగేటప్పుడు దాన్ని కూడా కలిపి అడగండి. ఏదీ కుదరకపోతే బిల్లును హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, విండో తెరవకుండా నడిచే క్రోమ్ చేత పీడీఎఫ్ తీయించండి, షేపింగ్ బ్రౌజర్ చూసుకుంటుంది. మా మిల్లు బిల్లు చివరికి అలాగే సరయింది.

కొనేముందు ఒక పరీక్ష పేజీ పెట్టుకోండి: శ్రీ, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, ఆత్మకూరు, బుచ్చిరెడ్డిపాళెం. సన్నటి కాలమ్‌లో పెట్టి వరుస ఎక్కడ విరుగుతుందో చూడండి, సంయుక్తాక్షరం మధ్యలో విరిగితే ఆ లైబ్రరీ పనికిరాదు. పేజీ తేడాగా వస్తే ట్రయల్‌లో ఉండగానే వాళ్ల సపోర్ట్‌కి పంపండి. ఎన్ని రోజులకు జవాబిస్తారో, జవాబిచ్చే మనిషి సమస్యను చదివాడో లేదో, డబ్బు కట్టకముందే తెలిసిపోతుంది.

12,50,000 బదులు 1,250,000 పడుతోంది

గ్రిడ్డు సొంత ఫార్మాట్ వాడుతోంది, లేదా కల్చర్ (ఏ దేశం పద్ధతిలో అంకెలు చూపాలో చెప్పే సెట్టింగ్) అమెరికాది ఉంది. దాన్ని భారత ఇంగ్లిష్‌కి గాని తెలుగుకి గాని మార్చితే లక్షల కామాలు వస్తాయి. గ్రిడ్డులో వచ్చినా ఎక్సెల్ ఎగుమతిలో, చార్టులో రాకపోవచ్చు, మూడూ విడివిడిగా చూడాలి. ఇక్కడ ధాన్యం పుట్టిలో మాట్లాడతారు, పుట్టికి 850 కిలోలు, కాబట్టి ఒకే కాలమ్‌లో పుట్టి, కిలోలు రెండూ చూపించుకునే వీలు ఉందో లేదో కూడా చూడండి.

మన దగ్గర బాగా నడిచింది, క్లయింట్ దగ్గర "ట్రయల్ వెర్షన్" అని వచ్చింది

ఇది క్లయింట్ ముందు మన పరువుకి సంబంధించిన విషయం, టెన్షన్ సహజం. లైసెన్స్ కీ మన ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఫైనల్ బిల్డ్ (ప్రోగ్రామ్ తయారీ) వేరే కంప్యూటర్‌లో చేశాం, లేదా ట్రయల్‌లో దించిన డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైలు) ఒకటి ఫోల్డర్‌లో మిగిలిపోయింది. కారణం ఎక్కువగా ఈ రెండింట్లో ఒకటే. పాత విండోస్ ఫామ్స్ ప్రాజెక్టుల్లో లైసెన్సెస్ డాట్ లిక్స్ అనే ఫైలు ప్రాజెక్టులో లేకపోయినా ఇలాగే అవుతుంది. బిల్డ్‌లో తయారయ్యే బిన్, ఓబీజే ఫోల్డర్లు పూర్తిగా తుడిచేసి, ట్రయల్ ప్యాకేజీలు తీసేసి, కీ ఉన్న యంత్రంలో మళ్లీ బిల్డ్ చేయండి. క్లయింట్‌కి పంపేముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఒక ఖాళీ కంప్యూటర్‌లో నడిపి చూడండి.

వెబ్ గ్రిడ్డులదీ ఇదే దారి. ఏజీ గ్రిడ్ తీసుకుంటే కమ్యూనిటీ వెర్షన్ ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితం, ఎక్సెల్ ఎగుమతి, రో గ్రూపింగ్ (వరుసల్ని గుంపులుగా చూపడం) మాత్రం డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోవి. కీ లేకుండా వాటిని కలిపేస్తే వాటర్‌మార్క్ పడుతుంది.

యాభై వరుసలకు గాలిలా ఉంది, సీజన్‌లో కదలడం లేదు

రొయ్యల కొనుగోలులో ఒక్కో చెరువుకి ఒక్కో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), ఒక్కో కౌంట్‌కి ఒక్కో రేటు, సీజన్ అయ్యేసరికి లక్ష వరుసలు దాటతాయి. గ్రిడ్డు మంచిదే అయినా మనం డేటా మొత్తాన్ని ఒకేసారి బ్రౌజర్‌లోకి దించుతున్నాం. పేజీలు, వడపోత, కూడికలు సర్వర్ వైపు జరిగేలా మార్చాలి. ఆ సౌకర్యం మీరు కొన్న ఎడిషన్‌లో ఉందా, పై ఎడిషన్‌లో ఉందా అన్నది మాత్రం కొనేరోజే చూసుకోవాలి. ట్రయల్‌లో రెండు లక్షల వరుసలు నింపి, క్లయింట్ ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్ మీదే నడిపించండి.

పాత వీబీ6 (విజువల్ బేసిక్ 6) ఓసీఎక్స్ కంట్రోల్ లోడ్ కావడం లేదంటే, 32 బిట్ కంట్రోల్ 64 బిట్ ప్రాసెస్‌లోకి రాదు. ప్రోగ్రామ్‌ను ఎక్స్86 (32 బిట్) గా బిల్డ్ చేయండి, అంతే.

అప్‌డేట్ చేయగానే లైసెన్స్ ఎర్రర్ వచ్చింది

ఉచితం అనుకుని వాడుతున్న లైబ్రరీ లైసెన్స్ మారి ఉంటుంది. ఎక్సెల్ ఫైళ్లు రాసే ఈపీప్లస్ 4 వరకు ఉచితంగా వాడుకునే ఎల్‌జీపీఎల్ లైసెన్స్, 2020లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి వ్యాపార వాడకానికి డబ్బు కట్టాలి. హ్యాండ్సన్‌టేబుల్ అనే వెబ్ గ్రిడ్డు కూడా 2019లో ఇలాగే మారింది. ఈపీప్లస్ ఎర్రర్‌ని పోగొట్టడానికి చాలామంది ఒక లైన్‌లో "నాన్ కమర్షియల్" అని రాసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. క్లయింట్ దగ్గర డబ్బు తీసుకుని రాసే ప్రోగ్రామ్‌లో అది అబద్ధపు సంతకం, రేపు ప్రశ్న వస్తే ఇబ్బంది పడేది క్లయింట్ కూడా. పాత వెర్షన్ దగ్గరే ఆపండి, లేదా కొనండి, లేదా వేరేది చూడండి.

కొనే స్తోమత లేకపోతే దారులు ఉన్నాయి. కాంపొనెంట్లు అమ్మే సింక్‌ఫ్యూజన్ కంపెనీ కమ్యూనిటీ లైసెన్స్ ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం, 5 మందికి మించని డెవలపర్లు, మొత్తం 10 మందికి మించని ఉద్యోగులు ఉన్న సంస్థలకు ఉచితం. మనలో చాలామందికి ఇది సరిపోతుంది, మిగతా షరతులు కూడా చదివి తీసుకోండి.

రెన్యువల్ కాలేదు, పాత వెర్షన్ కూడా దిగడం లేదు

కార్డులో డబ్బుంది, అయినా కట్ కాలేదు. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఆటో డెబిట్‌కి ముందుగా ఈ-మాండేట్ (బ్యాంకుకి ఇచ్చే ముందస్తు అనుమతి) ఉండాలి, 2022 జూన్ నుంచి 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. విదేశీ కంపెనీల బిల్లింగ్‌తో చాలాసార్లు ఇది కుదరదు. గడువుకి నెల ముందే క్యాలెండర్‌లో పెట్టుకుని చేత్తో కట్టండి. జీఎస్టీ నమోదు ఉంటే 18 శాతం రివర్స్ చార్జ్ (అమ్మినవాళ్ల బదులు పన్ను మనమే కట్టడం) సంగతి ఆడిటర్‌ని అడగండి.

ఇంకో ముఖ్యమైన మాట, గడువు తీరాక మీ దగ్గరున్న వెర్షన్‌ని వాడుకునే హక్కు ఉంటుందా, లేక అది కూడా ఆగిపోతుందా అన్నది లైసెన్స్ ఒప్పందంలో ఉంటుంది, రెండు రకాలూ అమ్ముతున్నారు. మిల్లు వాళ్లు పదేళ్లు అదే సాఫ్ట్‌వేర్ వాడతారు, కాబట్టి నేను మొదటి రకమే తీసుకుంటాను. ఇన్‌స్టాలర్‌ని కూడా ఆరోజే దించి రెండు చోట్ల దాస్తాను.

సర్వర్‌లో తెలియని ఫైళ్లు కనిపిస్తున్నాయి

ముందు సర్వర్‌ని నెట్ నుంచి తీసేయండి, తర్వాత పాత కాంపొనెంట్ల మీద అనుమానం పెట్టండి. టెలెరిక్ యూఐ ఫర్ ఏఎస్‌పీ డాట్ నెట్ ఏజాక్స్ అనే వెబ్ కంట్రోళ్ల లైబ్రరీ పాత వెర్షన్లలో ఫైల్ అప్‌లోడ్ కంట్రోల్ లోపం, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2019-18935గా నమోదైంది, కొత్త వెర్షన్లలో సరిచేశారు. అయినా 2022 చివర్లో ఒక అమెరికా ప్రభుత్వ సంస్థ సర్వర్‌లోకి దాని ద్వారానే చొరబడ్డారు. అక్కడ లోపాలు వెతికే స్కానర్ మామూలుగా వెతికే ఫోల్డర్లలో ఆ లైబ్రరీ లేకపోవడంతో పాతది ఉన్న సంగతే బయటపడలేదు. అందుకే ఒక్కో క్లయింట్ సర్వర్‌లో ఏ డీఎల్ఎల్ ఏ వెర్షన్‌లో ఉందో, అది ఏ ఫోల్డర్‌లో ఉందో ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి, రెన్యువల్ తేదీ కూడా అదే వరుసలో రాయండి.