నిమజ్జనం ఊరేగింపులకు ముందు తెలుసుకోవలసిన డెసిబెల్ లెక్క

వినాయక చవితి దగ్గరపడుతున్నదంటే మండపాల కమిటీలు విగ్రహానికి, పందిరికి, లైటింగుకు ఇచ్చినట్లే సౌండ్ బాక్సులకూ బయానా ఇచ్చేస్తాయి. కరెంటు తీగల గురించీ, చెరువు గట్టున క్రేన్ల గురించీ జాగ్రత్తలు చెప్పేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. శబ్దం విషయానికి వచ్చేసరికి మాత్రం ‘కాస్త తగ్గించండి బాబూ’ అన్న విన్నపమే తప్ప, ఎంత తగ్గించాలో, ఎందుకు తగ్గించాలో లెక్క కట్టి చెప్పేవారు అరుదు. ఆ లెక్క డెసిబెల్‌లలో ఉంటుంది. అది మనకు అలవాటైన కూడికల లెక్క కాదు కనుక, పెద్ద ప్రమాదం కూడా చిన్న అంకె వెనుక దాగిపోతుంది.

స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు దాని ఎదుటి గాలి నొక్కుకుపోతుంది, వెనక్కి వెళ్ళినప్పుడు పలచబడుతుంది. ఈ ఒత్తిడి హెచ్చుతగ్గులే 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణించి మన కర్ణభేరిని కదిలిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చెవి పసిగట్టగల అతి సన్నని శబ్దానికి ఈ హెచ్చుతగ్గు 20 మైక్రోపాస్కల్‌లు ఉంటే, చెవి నొప్పి పుట్టించే శబ్దానికి అది సుమారు 20 పాస్కల్‌లు, అంటే పది లక్షల రెట్లు. ఇంత విస్తారమైన తేడాను సులువుగా రాసుకోవడానికి లాగరిథమ్ ఆధారంగా డెసిబెల్ కొలతను ఏర్పరిచారు. దాని ప్రకారం మొదటిది 0, రెండవది 120. ఈ కొలతలో 3 డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే పది రెట్లవుతుంది. అయితే ఆ పది రెట్ల శక్తి చెవికి సుమారు రెండింతల మోతగానే తోస్తుంది కాబట్టి, ‘కొంచెం పెంచాం, అంతే కదా’ అనే మన అంచనా ఎప్పుడూ తక్కువకే వస్తుంది.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో శబ్దాన్ని పసిగట్టే రోమకణాలు దెబ్బతిని చనిపోతే మనుషుల్లో అవి తిరిగి పుట్టవు. అందుకే శబ్దం ఎంత ఉన్నదనే దానితోపాటు ఎంతసేపు విన్నామనేదీ ముఖ్యమే. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ కార్మికుల కోసం సూచించిన పరిమితి 85 డెసిబెల్‌ల వద్ద రోజుకు 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌లకు వ్యవధి సగమవుతుంది: 88 వద్ద 4 గంటలు, 94 వద్ద ఒక గంట, 100 వద్ద 15 నిమిషాలు, 106 వద్ద నాలుగు నిమిషాల లోపే. పెద్దవారైన కార్మికులకు సూచించిన ఈ పరిమితిని పసిపిల్లలకు అనుమతిగా తీసుకోకూడదు.

ఇదే లెక్కను ట్రాలీ మీద పేర్చిన బాక్సులకు వర్తింపజేసి చూడండి. ఉదాహరణకు బాక్సుకు ఒక మీటరు దూరంలో 110 డెసిబెల్‌లు ఉన్నాయనుకుంటే, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 తగ్గుతూ 2 మీటర్ల వద్ద 104, 4 మీటర్ల వద్ద 98, 8 మీటర్ల వద్ద 92, 16 మీటర్ల వద్ద 86 అవుతుంది. బాక్సును ఆనుకుని చిందులు వేసే కుర్రవాడికి ఒకటిన్నర నిమిషంలోపే ముగిసిపోయే పరిమితి, పదహారు మీటర్ల దూరాన నిలుచున్నవారికి ఆరు గంటలకు పైగా వస్తుంది. చెవులు కాపాడుకోవడానికి మన చేతిలో ఉన్న ఉపాయాలన్నిటిలో దూరమే గొప్పదని నా అభిప్రాయం, దానికి పైసా ఖర్చు లేదు. అయితే రెండు పక్కలా మేడలున్న ఇరుకు సందుల్లో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక అక్కడ తగ్గుదల ఇంతగా ఉండదు. ఊరేగింపు సందులోకి మలుపు తిరిగేటప్పుడే వాల్యూమ్ తగ్గించమని కమిటీవారు ఆపరేటరుకు ముందుగా చెప్పి ఉంచాలి.

సెల్‌ఫోన్ యాప్‌లో కనిపించే అంకెను పూర్తిగా నమ్మకూడదు. ఫోన్ మైకు మాటల కోసం తయారైనది కాబట్టి, మోత మరీ ఎక్కువైనప్పుడు అసలు స్థాయి కంటే తక్కువ చూపించవచ్చు. పైగా సాధారణంగా వాడే ‘ఏ’ తూకపు కొలత, మనిషి చెవి తీరును అనుసరించి మంద్ర స్వరాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్‌ల వద్ద ఈ తగ్గింపు సుమారు 26 డెసిబెల్‌లు. అందుకే అంకె మామూలుగానే కనిపిస్తున్నా కిటికీ అద్దాలు గడగడలాడుతుంటాయి. 50 హెర్ట్జ్‌ల బేస్ తరంగం దాదాపు 7 మీటర్ల పొడవు ఉంటుంది కనుక తలుపులు మూసినా దాన్ని అంతగా ఆపలేము. మంచంలో ఉన్న వృద్ధులు, బాలింతలు ఉన్న ఇంటివారు నిమజ్జనం రోజున ఆ వీధి నుంచి దూరంగా బంధువుల ఇంటికి వెళ్ళడమే మేలు.

నిర్వాహకులు చట్టం కూడా తెలుసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు వద్ద ఈ పరిమితి కంటే 10 ఎక్కువ గానీ, 75 గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండుగల కోసం ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వగలదు. ఇవి కాక స్థానిక ఉత్తర్వులూ ఉంటాయి. హైదరాబాద్ నగర పోలీసులు 2024లో మత ఊరేగింపుల్లో డీజేను నిషేధించారు. అందువల్ల బయానా ఇవ్వకముందే పోలీసు స్టేషనులో కనుక్కోవాలి.

దగ్గరగా ఉండక తప్పని ఆపరేటరు, ట్రాలీ డ్రైవరు, డప్పు కళాకారులు, బందోబస్తు సిబ్బంది ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవాలి. దూది ఉండ పెద్దగా పనిచేయదు. శుభ్రమైన వేళ్ళతో ఫోమ్ ప్లగ్‌ను సన్నగా నులిమి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి, ప్లగ్‌ను లోపలికి జొప్పించి, అది ఉబ్బి బిగుసుకునే దాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. సరిగా కుదిరితే మన మాట మనకే మూసుకుపోయినట్లు వినబడుతుంది. చంటిపిల్లలకు ప్లగ్‌లు పెట్టకూడదు. అవి ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉంది. వారిని ఊరేగింపు దగ్గరికి తీసుకురాకపోవడమే సరైనది. బాణసంచా పేలుడు విషయంలో చెవిలోని రక్షణ కండరాలు బిగుసుకునేలోపే దెబ్బ తగిలిపోతుంది కాబట్టి అక్కడా దూరమే దిక్కు.

ఇంటికి వచ్చాక చెవిలో గుయ్యిమనడం, మాటలు మందంగా వినబడటం ఉంటే ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. మర్నాటికీ తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ‘అదే సర్దుకుంటుంది’ అని నూనె చుక్కలు వేసుకుంటూ ఊరుకోకూడదు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ కనుక, నిమజ్జనం మర్నాడు సెలవు రోజైనా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.